నాయినమ్మ సందుకల చార్మినార్ రూపాయలు: హాఫ్ ఐన్, ఫుల్ ఐన్ ఎట్ల గుర్తుపట్టాలె?

దేవరకొండ_పిల్లగాడు:
అన్నలందరికి నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మొన్న ఇంటికి సున్నం వేద్దామని సామాను బయటికి తీస్తుంటే నాయినమ్మ సందుక అడుగున గుడ్డమూటల 14 వెండి రూపాయలు దొరికినయ్, అన్నీ చార్మినార్ బొమ్మవే, నాయినమ్మ ఉన్నప్పుడు వీటిని హాలి రూపాయలు అంటుండె. రెండిటికి అంచు మీద కొక్కెం అతికిన మచ్చ ఉంది, మెడల వేసుకున్నయ్ కావచ్చు. నల్లగొండల ఒక షాపాయన అన్నీ తూకం లెక్కన తీసుకుంట అన్నడు, హైదరాబాద్‌ల ఇంకొకాయన ఒక్కటి పక్కకు తీసి ఇది హాఫ్ ఐన్ అని దానికొక్కదానికే వేరే రేటు చెప్పిండు, ఏందది అని అడిగితే చెప్పనే లేదు. అమ్ముడు ఏమో గాని అసలు అదేందో తెలుసుకోవాలని పట్టుదల వచ్చింది.

ఇంకోటి, ఒక నాణెం మీద అక్షరాలు రెండు రెండుగ కనపడుతున్నయ్, వీడియోలల్ల చూస్తే డబుల్ డై, లక్షలు అంటుండ్రు. న్యూజెర్సీల ఉండే మా చిన్నాయిన కొడుకు ఏమంటుండంటే అక్కడ పాత మోర్గాన్ డాలర్లకు, అంటే అమెరికా వెండి డాలర్ నాణేలకు, ఒక్కో అచ్చుకు ఒక్కో నంబరు ఉంటదట, మనయి గూడ పంపితే గ్రేడింగ్ చేపిస్త అంటుండు. పంపొచ్చా? ఫోటోలు కింద పెట్టిన, ఫోన్‌తోటి తీసినయ్, జర చూసి చెప్పండి.

పాలమూరు_సిక్కలు:
తమ్మీ, ముందుగల ఒక మాట, ఏ ఒక్కటి గూడ తోమకు. చింతపండు వద్దు, బూడిద వద్దు, పేస్ట్ అసలే వద్దు. మా ఇంట్ల ఇట్లనే దొరికితే మా అమ్మ పండుగకు ఇత్తడి చెంబులతో పాటు వాటిని గూడ తోమింది, తళతళ మెరిసినయ్ గాని మీద ఉన్న సన్న గీతలన్నీ పోయినయ్, ఇప్పటికి ఆ ఎనిమిది చూస్తే పాణం ఉసూరుమంటది.

ఇగ అసలు సంగతి. చార్మినార్ రూపాయిని మధ్యల దర్వాజ దగ్గర చూడాలె, అక్కడ ఒక ఉర్దూ అక్షరం ఉంటది. మీమ్ ఉంటే అది మహబూబ్ అలీఖాన్‌ది, మన జిల్లాకు పేరు పడ్డ నిజామే, ఆయన చార్మినార్ సిక్కలు హిజ్రీ 1321 నుంచి వచ్చినయ్, అంటే మన లెక్కల 1903 నుంచి. ఐన్ ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది, 1911ల గద్దెనెక్కినంక వచ్చినయ్. ఉస్మాన్ అలీఖాన్ మొదటి నాణేల మీద ఐన్ పూర్తిగ లేదు, తలకాయ ఒక్కటే ఉంటది, ఇంగ్లీషు సి అక్షరం లెక్క చిన్న కొక్కెం. తర్వాత దాని కింద పెద్ద తోక గుండ్రంగ తిప్పి పూర్తి అక్షరం పెట్టిండ్రు, 3 అంకెను అద్దంల చూసినట్టు ఉంటది. మొదటిదాన్ని హాఫ్ ఐన్ అంటరు, రెండోదాన్ని ఫుల్ ఐన్. హాఫ్ ఐన్ 1329, 1330 హిజ్రీల నాణేల మీదనే చూస్తం, అందుకే తక్కువ, అందుకే ఆ షాపాయన దాన్ని పక్కకు పెట్టిండు.

సంవత్సరం చదివేటప్పుడు పైలం. చార్మినార్ వైపు 92 అని గూడ ఉంటది, అది సంవత్సరం కాదు, ముహమ్మద్ అనే పేరుకు అక్షరాల లెక్క కడితే వచ్చే సంఖ్య. ఉర్దూ అంకెలల్ల 2కు ఒక్క పల్లు, 3కు రెండు పండ్లు, అరిగిపోయిన నాణెం మీద ఈ రెండూ ఒక్కతీరుగ కొడతయ్, నేను 1321ని 1331 అనుకొని రెండేండ్లు డబ్బల పెట్టుకున్న, తర్వాత మీమ్ చూసి తెలిసింది. వెనుక వైపు నడుమల యక్ రూపియా అని ఉంటది, చుట్టూ ఉన్న రాతల జులూస్ పక్కన గద్దెనెక్కినంక ఎన్నో ఏడు అనేది ఉంటది, అది హిజ్రీ సంవత్సరంతోటి కుదరాలె. కుదరకపోతే ముందు నువ్వు చదివింది తప్పేమో చూసుకో, ఆ తర్వాతనే నాణెం మీద అనుమానపడు.

తూకం గూడ చూడు. హాలి రూపాయి సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. కల్దార్ రూపాయి, అంటే ఇంగ్లీషోళ్ల రూపాయి, 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం, అందుకే అప్పట్ల 7 హాలి రూపాయలకు 6 కల్దార్ లెక్క నడిచేది. అరిగినయ్ కొద్దిగ తక్కువ తూగుతయ్, అది మామూలే. నకిలీ అని అనుమానమైతే ఔసలాయన చిన్న కాంట మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్న చేసి, నాణాన్ని దారంతోటి కట్టి అడుగు తగలకుంట నీళ్లల్ల ముంచు, కాంట దగ్గర దగ్గర 1.1 గ్రాము చూపాలె. బాగా ఎక్కువ చూపితే అది వెండి కాదు.

గద్వాల_నుంచి:
పాలమూరు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు, నేను ఇంకోటి కలుపుత. నేను ఇక్కడ ఒహాయోల ఉండి పదేండ్ల నుంచి మోర్గాన్ డాలర్లు చూస్తున్న. మీ తమ్ముడు చెప్పింది నిజమే, ఇక్కడ వాటికి వామ్ నంబర్లు ఉన్నయ్, ఆ లెక్క మొదలుపెట్టిన ఇద్దరి ఇంటిపేర్ల అక్షరాలతోటి వచ్చిన పేరది. కానీ హాఫ్ ఐన్, ఫుల్ ఐన్ అనేది ఆ తీరుది కాదు, అది డిజైనే మారుడు, దాన్ని టైప్ అంటరు. డై వెరైటీ అంటే ఒకటే డిజైన్ ఉండి ఒక్క అచ్చులనే తేడా ఉండుడు.

ఒక ఉదాహరణ చెప్త. 1878ల మోర్గాన్ డాలర్ మొదలైనప్పుడు గద్ద తోకకు 8 ఈకలు పెట్టిండ్రు, తర్వాత 7 చేయాలనుకున్నరు, అప్పటికే తయారైన అచ్చులను పడేయకుంట వాటి మీదనే 7 ఈకలది మళ్ల ఒత్తిండ్రు, అందుకే కొన్నిటి మీద 7 ఈకల కింద పాత ఈకల కొసలు ఇంకా బయటికి కనపడతయ్. ఇంకోటి 1900ది. కార్సన్ సిటీ టంకశాలల నాణేలు కొట్టుడు 1893ల ఆగిపోయింది, మిగిలిన అచ్చులల్ల ఆ టంకశాల గుర్తు సీసీ (CC) అక్షరాల మీదనే న్యూ ఆర్లీన్స్ టంకశాల గుర్తు ఓ (O) కొట్టి అక్కడ వాడిండ్రు, లెన్స్ పెడితే ఓ కింద సీసీ ఆనవాళ్లు దొరుకుతయ్. మొదటిసారి నా చేతుల అట్లాంటిది చూసినప్పుడు రాత్రంత నిద్రపట్టలే.

ఇగ నీ రెండు రెండు అక్షరాల సంగతి. ఆ రోజులల్ల ఉక్కు అచ్చు తయారు చేసుడు ఒక్క ఒత్తుతోటి అయ్యేది కాదు, హబ్‌తోటి, అంటే బొమ్మ ఉబ్బెత్తుగ ఉన్న ఉక్కు మూసతోటి, ఒకసారి ఒత్తి, కాల్చి మెత్తగ చేసి మళ్ల ఒత్తేటోళ్లు, రెండోసారి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అచ్చుల అక్షరం రెండుగ పడతది, ఆ అచ్చుతోటి కొట్టిన ప్రతి నాణెం మీద అదే వస్తది. అది అసలైన డబుల్ డై. ఇంకో రకం ఏందంటే అచ్చు మంచిగనే ఉంటది గాని మిషన్‌ల వదులు ఉండి, కొట్టినంక అచ్చు ఎగిరి నాణేన్ని రాస్తది, అప్పుడు అక్షరం పక్కన మెట్టు లెక్క చదునుగ నొక్కుకపోతది. మొదటిదాంట్ల రెండో అక్షరం గూడ గుండ్రంగ ఉబ్బి ఉంటది, మూలల దగ్గర చిన్న చీలిక ఉంటది. రెండోదాంట్ల అసలు అక్షరమే సన్నబడతది, దానికి విలువ లేదు. నీ ఫోటోల లైట్ నేరుగ పడ్డది, ఏమీ చెప్పలేను. రాత్రి గదిల లైటు బంద్ చేసి టార్చిని నాణేనికి పక్క నుంచి అడ్డంగ పట్టి, 10 రెట్లు చూపే లెన్స్‌తోటి చూడు, నాణేన్ని మెల్లగ తిప్పుకుంట చూడు.

నాణెం మీద సన్న గీత కనపడితే గోరుతోటి గీకకు, టార్చి వెలుగుల చూడు. గీత లోపలికి ఉంటే అది గీసుకపోయింది. బయటికి ఉబ్బి ఉంటే అచ్చు పగిలిన గీత, ఆ పగులులకు వెండి పోయి అట్లయితది, అది అచ్చుకు వేలిముద్ర లెక్క. మన హాలి సిక్కలకు ఇట్ల అచ్చు అచ్చుకు నంబరు పెట్టిన లెక్క నా కంటికైతే పడలే, నీ 14తోటి నువ్వే మొదలుపెట్టు.

పాలమూరు_సిక్కలు:
మరిచిన తమ్మీ, అమెరికాకు పంపుడు సంగతి. పంపకు. 1972 చట్టం ప్రకారం వందేండ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తది, మామూలు మనుషులు దేశం దాటించొద్దు. ఇంట్ల తరతరాల నుంచి వచ్చినయ్ కాబట్టి నీ దగ్గర ఉంచుకోనీకి ఫికర్ లేదు. అదే పొలం దున్నుతుంటే కుండల దొరికితే లెక్క వేరే, కలెక్టర్‌కు చెప్పాలె.

వీలైతే ఒకపూట సైఫాబాద్ పాత టంకశాలకు పోయి రా, ఈ చార్మినార్ సిక్కలు కొట్టిన తావు అదే, 2022 నుంచి మ్యూజియం చేసిండ్రు.

దేవరకొండ_పిల్లగాడు:
అన్నా ఇద్దరికి శానా థ్యాంక్స్. నిన్న రాత్రి కూసున్న, లెన్స్ మా ఊరి వాచీ రిపేర్ చేసేటాయన దగ్గర అడుక్కొచ్చిన. 14ల 5 మీమ్‌వి, 8 ఫుల్ ఐన్, ఒక్కటి హాఫ్ ఐన్, సంవత్సరం 1330, జులూస్ 1. రెండు రెండుగ ఉన్నదాని మీద మెట్టు లెక్క చదునుగనే ఉంది, అంటే డబుల్ డై కాదు, సరే.

కానీ ఇంకోటి చూసిన. ఫుల్ ఐన్‌లల్ల రెండిటికి, ఎడమ మినార్ కొస నుంచి అంచు దిక్కు ఒకటే తీరుగ గీత ఉంది, రెండూ బయటికి ఉబ్బే ఉన్నయ్, రెండూ ఒకటే సంవత్సరం. ఒకదాని మీద గీత సగంల ఆగింది, ఇంకోదాని మీద అంచు దాక పోయింది. అంటే రెండూ ఒక్క అచ్చువే, పొట్టి గీతది ముందు కొట్టింది, పొడుగు గీతది అచ్చు ఇంకా పగిలినంక కొట్టింది, ఇంతేనా అన్నా? కొత్త ఫోటోలు పెడుతున్న, ఈసారి టార్చి పక్క నుంచి పెట్టి తీసిన.

గద్వాల_నుంచి:
ఇంతే తమ్మీ, కరెక్టుగ పట్టినవ్. ఆ రెండిటిని వేరు చేయకు, ఒకటే కవర్ల ముందు పొట్టి గీతది, వెనుక పొడుగు గీతది పెట్టు, చీటి మీద తూకం, సంవత్సరం రాసి పెట్టు. పాలమూరు అన్నా, మీ డబ్బల అదే సంవత్సరానివి ఉంటే ఎడమ మినార్ దగ్గర జర చూడరాదుండ్రి.