డ్రగ్స్ చట్టం అందరి మాటా, కొందరి మాటా?

బ్యాక్‌బెంచ్:
క్రిమినాలజీలో ఏకాభిప్రాయ సిద్ధాంతం, సంఘర్షణ సిద్ధాంతం అని రెండు చదివాను. జనమంతా తప్పనుకున్నదే చట్టంలో నేరమవుతుందని మొదటిది, ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త డర్క్‌హైమ్ దారి. చట్టం రాయించుకునే బలం ఉన్నవాళ్లు తమకు గిట్టనివాళ్ల పనులను నేరాలు చేస్తారని రెండోది. హత్య, దోపిడీ వరకు మొదటిది సరిపోతోంది. అమెరికా డ్రగ్స్ చట్టాల దగ్గరే ఎటూ తేలట్లేదు. మీరేమంటారు?

నల్లకోటు:
తేలకపోవడానికి ఏముంది బాస్, 1986 చట్టం చూడండి. పొడి కొకైన్ 500 గ్రాములు అమ్ముతూ దొరికితే కనీసం 5 ఏళ్లు జైలు. అదే క్రాక్ అయితే 5 గ్రాములకే 5 ఏళ్లు! రెండూ కొకైనే, రూపం వేరు అంతే. పొడి డబ్బున్నవాళ్ల పార్టీల్లో తిరిగేది, క్రాక్ పేద నల్లజాతి పేటల్లో చిన్న చిన్న ముక్కలుగా అమ్ముడయ్యేది. మరి జైళ్లు ఎవరితో నిండాయి? అంతకుముందు కథా ఇదే. 1875లో శాన్‌ఫ్రాన్సిస్కో నల్లమందు పీల్చే అడ్డాలను నిషేధించింది, దెబ్బ పడింది చైనా వాళ్ల మీద. అదే నల్లమందు కలిపిన సీసా మందులను తెల్లవాళ్లు షాపుల్లో దర్జాగా కొనుక్కునేవారు.

ఎదురుగాలి:
సగమే చెప్పారు. 1986 చట్టాన్ని సమర్థించినవాళ్లలో న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్ నుంచి గెలిచిన నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు చార్లెస్ రాంగెల్ కూడా ఉన్నాడు. ఇంటి మెట్ల మీదే సరుకు అమ్ముతుంటే, పిల్లలు బడికి వెళ్లే దారిలో తుపాకులు పేలుతుంటే ఆ పేటల్లో ఉండేవాళ్లు పోలీసులు రావాలనే కదా అడుగుతారు, దాన్ని కూడా పైవాళ్ల కుట్ర అంటే ఎలాగండీ? ఒరెగాన్ రాష్ట్రం చూడండి. 2020లో జనమే ఓటేసి, సొంత వాడకానికి కొద్దిగా ఉంచుకుంటే జైలు వద్దు, 100 డాలర్ల జరిమానా చాలన్నారు. వీధుల్లో బాహాటంగా వాడటం చూసి జనం విసిగిపోయారు, 2024లో శాసనసభ దాన్ని మళ్లీ నేరం చేసింది. జనం మనసు మారింది, చట్టం మారింది, అంతే.

నల్లకోటు:
రాంగెల్ పాయింట్ గట్టిదే, ఒప్పుకుంటా. కానీ అదే రాంగెల్ తర్వాత ఆ తేడా తీసేయాలని బిల్లులు పెట్టాడు. పోలీసులు కావాలని అడగడం వేరు, ఒకే మందుకు వంద రెట్ల తేడా పెట్టమని అడగడం వేరు. ఒరెగాన్‌లో కూడా విసుగు పుట్టించింది వీధిలో కనిపించే వాడకమే. తలుపేసుకుని ఇంట్లో వాడేవాడి మీద ఎవరికీ కోపం రాలేదు (వాడికి ఇల్లుంది కాబట్టి).

బ్యాక్‌బెంచ్:
అంటే డ్రగ్స్ చెడ్డవనేది ఏకాభిప్రాయం, శిక్ష ఎవరికెంత అన్నది సంఘర్షణ అనుకోవచ్చా?

ఎదురుగాలి:
అంత నీట్‌గా విడదీయలేం. 2010లో ఆ తేడా తగ్గించారుగా, క్రాక్ 5 గ్రాములకు బదులు 28 అన్నారు. అన్యాయం అని అందరికీ అనిపించాకే అది జరిగింది. అది ఏకాభిప్రాయం కాదా?

నల్లకోటు:
అందరికీ అన్యాయమనిపిస్తే రెండింటినీ సమానం చేయాలి. మొదట బిల్లు పెట్టింది అందుకే. సెనేట్ కమిటీలో బేరసారాలయ్యాక 100 రెట్లు కాస్తా 18 రెట్ల దగ్గర ఆగింది. ఆ 18 ఏ వైద్యశాస్త్రంలో ఉందో, ఏ జనాభిప్రాయంలో ఉందో కాస్త చెప్పండి మరి.