మైత్రీ భావన అన్నయ్య ముఖం దగ్గరే ఆగిపోతోంది: లోపం సాధనలోనా, నాలోనా?

మారతహళ్లి బాటసారి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను, వయసు యాభై మూడు. గత ఏడాది తుమకూరు రోడ్డు వైపు ఆలూరులో ఉన్న ధమ్మ పఫుల్ల కేంద్రంలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం పూర్తి చేశాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు గంట మోగగానే లేవడం, నోరు విప్పకుండా తొమ్మిది రోజులు గడపడం నా వల్ల అవుతాయని ఇంట్లో ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. అప్పటి నుంచి ఉదయం గంట, రాత్రి అరగంట కూర్చుంటున్నాను. వీలైన ఆదివారాలు గాంధీనగర్‌లోని మహాబోధి సొసైటీ విహారానికి వెళ్లి బోధివృక్షం దగ్గర కాసేపు గడిపి వస్తాను. మెజెస్టిక్ బస్సుల రొదకు అంత దగ్గరలో ఆ నిశ్శబ్దం ఎలా నిలుస్తోందో నాకు ఇప్పటికీ వింతే.

శ్వాసను గమనించడంలో నాకు పెద్ద ఇబ్బంది లేదు. చిక్కంతా శిబిరంలో పదో రోజు ఉదయం నేర్పిన మైత్రీ భావన దగ్గరే వస్తోంది. సమస్త ప్రాణులూ సుఖంగా ఉండాలని అనుకున్నంతసేపూ మనసు తేలికగానే ఉంటుంది. ఆ సమస్త ప్రాణులలో మా అన్నయ్య కూడా ఒకడని గుర్తుకు రాగానే దవడలు బిగుసుకుపోతాయి. నాన్న పోయిన తరువాత జరిగిన పంపకాలలో, కాలువ పక్కనున్న ఎకరం ముప్పై సెంట్ల మాగాణిని అన్నయ్య తన పేర రాయించుకున్నాడు. అది నాకని నాన్న బతికుండగా పెద్దమనుషుల ముందు చెప్పినదే. అడిగితే, "బెంగళూరు నుంచి వచ్చి నువ్వేమైనా దున్నుతావా?" అన్నాడు. ఇది జరిగి ఆరేళ్లయింది. ఈ ఏడాది నాన్న తద్దినంలో ఇద్దరం పక్కపక్కనే పీటల మీద కూర్చున్నాం. నువ్వుల గిన్నె నా వైపు జరిపేటప్పుడు కూడా అన్నయ్య తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఆ రోజు అనవలసిన మాటలను ఇప్పుడు వరసగా పేర్చుకుంటూ పడుకుంటున్నాను. లోపల ఇంత పెట్టుకుని "అన్నయ్య సుఖంగా ఉండాలి" అని పైకి అనుకోవడం నటన కాదా? లేక కరుణ అంటే ఆ పొలం మాట ఇక మరిచిపోవడమేనా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

బసవనగుడి విశ్రాంత అధ్యాపకురాలి సమాధానం

బాబూ, మీరు చివరి మెట్టు మీద మొదటి అడుగు వేయబోతున్నారు, అంతకు మించి దోషమేమీ లేదు. అయిదవ శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోషుడు రచించిన విశుద్ధిమార్గంలో మైత్రీ భావనకు ఒక క్రమం ఉంది. ముందు తన పట్ల, ఆ తరువాత తాను గౌరవించే గురుతుల్యుల పట్ల, ఆపైన ప్రియమైన వారి పట్ల, తరువాత ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి పట్ల, ఇవన్నీ కుదిరిన తరువాతే వైరి పట్ల. వైరితో మొదలుపెట్టవద్దని ఆ గ్రంథం స్పష్టంగానే వారిస్తుంది, ఎందుకంటే అతన్ని తలచుకోగానే కోపమే లేస్తుందని ఆ ఆచార్యుడికి తెలుసు. మీకు కలుగుతున్నది పదిహేను వందల ఏళ్ల కిందటే రాసి పెట్టిన ఇబ్బంది అన్నమాట.

ఈ వరసలో చాలామంది దాటవేసేది ఇష్టమూ అయిష్టమూ లేని మనిషిని. నాకు ఉపయోగపడినది మాత్రం అదే. మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకునే ఒకాయన ఉన్నాడు. పదకొండేళ్లుగా బట్టలు ఇస్తున్నాను గాని ఆయన ముఖం కళ్లు మూసుకుంటే నాకు గుర్తుకు వచ్చేది కాదు. రెండు నెలల పాటు రోజూ ఆయననే తలచుకున్నాను. మూడో వారంలో కాబోలు, ఆయన కుడి బొటనవేలి మీద ఎప్పటిదో కాలిన మచ్చ ఉందనీ, బొగ్గులు విసిరేటప్పుడు ఆ వేలిని కాస్త దూరంగా పెట్టుకుంటాడనీ మొదటిసారి గమనించాను. ఆ రోజు నుంచి ఆయన సుఖంగా ఉండాలని అనుకోవడానికి నాకు ప్రయత్నం అవసరం కాలేదు. మీరూ అలాంటి ఒకరితో మొదలుపెట్టి చూడండి. అన్నయ్యగారిని ప్రస్తుతానికి పక్కన పెట్టినంత మాత్రాన ఏ పాపమూ అంటదు.

వైరి దగ్గరకు వచ్చి మళ్లీ కోపం లేస్తే, వెనక్కి వెళ్లి ప్రియమైన వారి దగ్గర నిలిచి తిరిగి రమ్మంటాడు బుద్ధఘోషుడు. అదీ పనిచేయకపోతే ఒకదాని తరువాత ఒకటిగా ఎన్నో ఉపాయాలు ఇస్తాడు. ఎదుటివాడి మీద విసరాలని నిప్పుకణికను చేతిలోకి తీసుకుంటే ముందు కాలేది మన చెయ్యే అన్నది అందులో ఒకటి. నీకు కోపం అతని తల వెంట్రుకల మీదా, గోళ్ల మీదా, పళ్ల మీదా అని విడదీసి అడగడం మరొకటి. చదివినప్పుడు నవ్వు వచ్చింది గాని, రాత్రి రెండింటికి ఆ ప్రశ్న బాగానే పనిచేస్తుంది.

అన్నిటికీ చివర చెప్పిన ఉపాయం మాత్రం భావన కాదు, చేతితో చేసే పని. వైరికి ఏదైనా ఇవ్వడమో, అతని నుంచి పుచ్చుకోవడమో చేయమంటాడు. అందుకు ఒక కథ ఉంది. చిత్తలపర్వత విహారంలో ఒక మహాస్థవిరుడు, అంటే పెద్ద భిక్షువు, మరొక భిక్షువును ఉన్నచోటు నుంచి మూడుసార్లు ఖాళీ చేయించాడట. ఆ భిక్షువు తనకున్న ఎనిమిది కహాపణాల (ఆ కాలపు నాణేల) విలువైన భిక్షాపాత్రను ఆయనకే సమర్పిస్తూ, ఇది మా అమ్మ ఇచ్చినది, ఆ ఉపాసికకు (గృహస్థ భక్తురాలికి) పుణ్యం దక్కనివ్వండి అన్నాడట. అమ్మ మాట అందులో ఎందుకు వచ్చిందో నేను చాలా కాలం ఆలోచించాను.

జయనగర్ న్యాయవాది సమాధానం

పై సమాధానాన్ని గౌరవిస్తూనే రెండు మాటలు చెప్పదలిచాను. మొదటిది, కరుణ అంటే హక్కు వదులుకోవడం అని ఏ బౌద్ధ గ్రంథమూ చెప్పదు. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన సుహృల్లేఖ టిబెటన్, చైనా అనువాదాలలో మనకు నిలిచింది. అందులో ఆయన లాభనష్టాలు, సుఖదుఃఖాలు, కీర్తి అపకీర్తులు, పొగడ్త, నింద అనే ఎనిమిది లోకధర్మాల పట్ల మనసును సమంగా ఉంచుకోమన్నాడు. ఆ మాట చెప్పినది రాజ్యం ఏలుతూ తగవులు తీర్చవలసిన మనిషికి. కాబట్టి దావా వేయాలనిపిస్తే ద్వేషం లేకుండా వేయవచ్చు, వేయకూడదనిపిస్తే మానుకోవచ్చు. ఆరేళ్లుగా రెండూ చేయకుండా రాత్రిపూట మనసులో వాదనలు వినిపించుకోవడమే నష్టం. నా కక్షిదారులలో సగం మందికి ఉన్న జబ్బు ఇదే.

రెండవది అడగవచ్చో లేదో తెలియదు. మీ ప్రశ్నలో నాన్నగారు ఉన్నారు, అన్నయ్యగారు ఉన్నారు, మీరు ఉన్నారు. మీకు అక్కచెల్లెళ్లు లేరా? ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చే సవరణ 1985 సెప్టెంబరు నుంచే అమలులో ఉంది. దేశమంతటా ఆడపిల్లలకు ఆ హక్కు 2005లో వచ్చింది. పంపకాలలో అన్యాయం జరిగిందని నా దగ్గరకు వచ్చే అన్నదమ్ములను నేను ముందుగా అడిగేది ఇదే. చాలామంది ఆ తరువాత కాసేపు మాట్లాడరు.

రాత్రి డ్యూటీ నర్సు సమాధానం

అయ్యా, నాకు గ్రంథాలు అంతగా తెలియవు. నేను మీ నిద్ర గురించి రాస్తున్నాను. మైత్రిని అభ్యసించేవారికి కలిగే పదకొండు ఫలితాలలో మొదటి మూడూ సుఖంగా నిద్రపోవడం, సుఖంగా మేలుకోవడం, పీడకలలు రాకపోవడం అని బుద్ధుని బోధల సంకలనమైన అంగుత్తర నికాయంలో ఉన్నట్టు విహారంలో భంతే (భిక్షువుగారు) చెప్పగా విన్నాను. పడుకునే ముందు ఎవరి పేరూ తలచుకోకుండా, "ఈ ఒళ్లు విశ్రాంతిగా ఉండాలి, ఈ మనసు విశ్రాంతిగా ఉండాలి" అని మీ కోసం మీరు అనుకోండి. తన కోసం అనుకోవడం స్వార్థమని మన ఇళ్లలో నేర్పుతారు. అధ్యాపకురాలిగారు చెప్పిన క్రమంలో మొదటి మెట్టు అదేనని గమనించండి.

వార్డులో పనిచేసిన అనుభవంతో ఇంకొకటి తెలుసుకున్నాను. రోగి బాధ చూసి నేనూ కుంగిపోతే అది కరుణ అనుకునేదాన్ని. కుంగుబాటు కరుణకు దగ్గరి శత్రువనీ, పైకి కరుణలాగే కనిపించి మనిషిని తినేస్తుందనీ తరువాత తెలిసింది. క్రూరత్వం దూరపు శత్రువు, దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువును పట్టుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. డ్రిప్ మారుస్తూ నా ఊపిరిని ఒక్కసారి గమనించుకోవడం, అంతే నా సాధన.

అయితే రెండింటికి మెలకువ రావడం వారాల తరబడి సాగుతుంటే, ఆకలి తగ్గినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, ధ్యానం గంటలు పెంచుకోకండి, వైద్యుడిని కలవండి. మన ఊళ్లోనే మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ సహాయ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ధ్యాన శిబిరాల దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడిగేది కూడా ఊరికే కాదు.

ఉడిపి హోటల్ కాఫీ సమాధానం

ఇంత శాస్త్రం ఎందుకండీ, అన్నగారికి ఒక్కసారి ఫోన్ చేస్తే సరిపోదా?

మారతహళ్లి బాటసారి, అయిదు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. న్యాయవాదిగారి రెండో ప్రశ్న చదివిన రోజు నేను కూర్చోలేకపోయాను. అవును, నాకు చెల్లెలు ఉంది, చీరాలలో ఉంటుంది. పంపకాల నాడు తనకేమీ వద్దని కాగితం మీద సంతకం చేయించుకున్నాం. పెన్ను ఇచ్చింది నేనే. సంతకం చేసిన వెంటనే లేచి లోపలికి వెళ్లి అందరికీ మజ్జిగ తెచ్చింది. ఆరేళ్లుగా ఆ రోజును రాత్రిపూట ఎన్ని వందలసార్లు తిరగేసుకున్నానో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఆ మజ్జిగ గ్లాసులు నాకు గుర్తుకు రాలేదు.

అన్నయ్యను పక్కన పెట్టి, అధ్యాపకురాలిగారు చెప్పినట్టు మా అపార్ట్‌మెంట్ కాపలాదారుతో మొదలుపెట్టాను. నర్సమ్మగారు చెప్పినట్టు రాత్రిపూట నా కోసం నేను అనుకుంటున్నాను. నిద్ర కొంత మెరుగయింది, పూర్తిగా కాదు. అన్నయ్య ముఖం గుర్తుకు వస్తే దవడలు ఇప్పటికీ బిగుసుకుంటాయి, కాకపోతే బిగుసుకుంటున్నాయని వెంటనే తెలుస్తోంది.

పోయిన ఆదివారం విహారం నుంచి వస్తూ చెల్లెలికి ఫోన్ చేశాను. క్షమించమని అడగాలని వరసగా మాటలు సిద్ధం చేసుకున్నాను గాని ఏవీ రాలేదు. ఆ కాగితం సంగతి ఎత్తి, నా వాటాలో నుంచి నీది నీకు రాసిస్తానని మాత్రం అనగలిగాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పొలం సంగతి తరువాత చూద్దాంలే చిన్నన్నయ్యా, అమ్మ ఆవకాయ పెట్టే పెద్ద జాడీ ఒకటి ఉండాలి, ఆ రోజే అడుగుదామనుకున్నాను, అది ఎవరూ వాడకపోతే నాకు తెచ్చిపెట్టు" అంది.

ఆ జాడీ అన్నయ్య ఇంట్లో అటక మీద ఉంది. సంక్రాంతికి గుంటూరు దాకా టికెట్ తీసుకున్నాను.