వృద్ధాశ్రమం స్టాఫ్‌కి డిమెన్షియా గురించి ఏం నేర్పించాలి? (వైజాగ్)

మధురవాడ_మేనేజర్:
మధురవాడ దగ్గర చిన్న వృద్ధాశ్రమం చూసుకుంటున్నాను. ఉన్నవాళ్లలో సగం మందికి పైగా మతిమరుపు ముదిరినవాళ్లే. ఆయాలు మంచివాళ్లే గానీ ఎవరికీ ట్రైనింగ్ లేదు. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైన తాతగారొకరు ఉన్నారు, చీకటి పడే వేళకి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఖాళీ క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరకొచ్చేస్తారు, సి షిఫ్ట్‌కి టైమైంది తాళం తియ్యమంటారు. వాచ్‌మన్ "నువ్వు రిటైరై ఎన్నేళ్లయింది తాతా, లోపలికి పద" అని రెక్క పట్టుకుని లాగుతాడు, ఆయన చెయ్యెత్తుతారు, ఇక రాత్రంతా గోలే. నిద్రమాత్ర ఇప్పించమని స్టాఫ్ నా ప్రాణం తీస్తున్నారు. తెలుగులో నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నర్స్_సీతమ్మధార:
ముందు మాత్ర సంగతి. గోల తగ్గడానికి వాడే యాంటీసైకోటిక్ మందులతో డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణాల రిస్క్ పెరుగుతుందని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2005లోనే గట్టిగా హెచ్చరించింది. డాక్టర్ తప్పదంటేనే, అదీ తక్కువ డోసులో, కొన్నాళ్లే. నిద్రమాత్రలైతే తూలి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు, అప్పుడు ఇంకా కష్టం.

సాయంత్రానికి కంగారు ఎక్కువవడం ఈ జబ్బులో మామూలే. చీకటి పడకముందే లైట్లన్నీ వేసేయండి. వాచ్‌మన్‌కి ఒకటే చెప్పండి, వాదించొద్దు. ఆయన లెక్కలో ఆయనకింకా ఉద్యోగం ఉంది. "ఏ డిపార్ట్‌మెంట్ సార్ మీది?" అని అడిగి, నాలుగు మాటలు చెప్పించుకుని, పక్కనే నడుస్తూ టీకి తీసుకెళ్తే చాలాసార్లు గేటు సంగతి మర్చిపోతారు. రోజూ పని చేస్తుందని మాత్రం అనుకోకండి.

ఇంకోటి, అన్నిటికంటే ఇది ముఖ్యం: నిన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి ఒక్కరోజులో తేడాగా మాట్లాడినా, మగతగా పడి ఉన్నా జబ్బు ముదిరిందని వదిలేయకూడదు. యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడైనా నొప్పి, కొత్తగా మొదలెట్టిన మందు, ఏదో ఒకటి ఉంటుంది. అది ముందు కనిపెట్టేది డాక్టర్ కాదు, డైపర్ మార్చే ఆయానే.

గాజువాక_అమ్మాయి:
మా అమ్మ స్నానమంటే కేకలు పెట్టేది. చూస్తే ఆయా వచ్చీరాగానే నెత్తి మీద చెంబుడు నీళ్లు గుమ్మరించేస్తోంది! మార్పించాం. ఒంటి మీద తువ్వాలు కప్పి, ముందు పాదాల మీద పోసి, "ఇప్పుడు చేతులు కడుగుతానమ్మా" అని చెప్పి చెప్పి చెయ్యడం, చెంబు అమ్మ చేతికే ఇవ్వడం. కేకలు బాగా తగ్గాయి. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టే చుట్టాలకి కూడా ట్రైనింగ్ ఇవ్వాలండి అసలు 😀

చేర్చుకునేటప్పుడే ఇంట్లోవాళ్లని అడిగి ఒక కాగితం రాసిపెట్టుకోండి: ఏం పని చేసేవారు, ఏమని పిలిస్తే పలుకుతారు, కాఫీయా టీయా, దేనికి భయపడతారు.

పాత_కాపు:
అందరూ ట్రైనింగ్ అంటున్నారు, రాత్రి ఒక్క ఆయాకి ఎంతమందిని అప్పగిస్తున్నారో అది చెప్పండి ముందు. నేర్పించాక పక్కవాడు వెయ్యి ఎక్కువిస్తే వెళ్లిపోతుంది, తప్పు ఆమెది కాదు. పైగా వీళ్లందరికీ డిమెన్షియా అని తేల్చిందెవరు? బి12, థైరాయిడ్ తక్కువైనా, డిప్రెషన్ ఉన్నా మతిమరుపు వస్తుంది, వాటికి మందులున్నాయి. కేజీహెచ్‌లో (మన పెద్ద గవర్నమెంటు ఆసుపత్రి) న్యూరాలజీ ఓపీకి ఒకసారి తీసుకెళ్లండి.

మధురవాడ_మేనేజర్:
రాత్రి ఒక్కరే ఉంటున్నారు, నిజమే. ఓనర్‌తో మాట్లాడతాను. పరీక్షలు కొందరికే చేయించారు. క్లాసు పెడదామంటే రాత్రి డ్యూటీ వాళ్లు రారు, అదొకటి.

నర్స్_సీతమ్మధార:
రోజంతా క్లాసులు వద్దు, నిద్రపోతారు. డ్యూటీ మారేటప్పుడు రెండు బ్యాచ్‌లూ ఉంటాయి కదా, అప్పుడు ఓ పావుగంట, రోజుకి ఒక్క మనిషి గురించే మాట్లాడండి. ఏం చేస్తే కుదుటపడ్డారు, దేనికి రెచ్చిపోయారు. ట్రైనింగ్ కోసం ఏఆర్‌డీఎస్‌ఐ వాళ్లని అడగండి, అల్జీమర్స్, డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం 1992లో కేరళలో మొదలైన సంస్థ, హైదరాబాద్‌లో చాప్టర్ ఉంది. పెద్దవాళ్ల విషయాలకి కేంద్రం హెల్ప్‌లైన్ 14567. స్టాఫ్‌కే టెన్షన్ తట్టుకోలేనంత అయితే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. మొదటి పావుగంటకి వాచ్‌మన్‌ని కూడా కూర్చోబెట్టండి.