ఫెయిర్‌ఫీల్డ్‌లో శనివారం కార్యక్రమం: కార్యకర్తల ఏర్పాట్ల చర్చ

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. సిడ్నీ పశ్చిమాన ఫెయిర్‌ఫీల్డ్‌లో, అరబిక్ మాట్లాడే వలస కుటుంబాల కోసం, శరణార్థుల కోసం వచ్చే నెల మూడో శనివారం ఒక పూట కార్యక్రమం జరపాలని మన తెలుగు సంఘం కార్యవర్గం నిర్ణయించింది. శుక్రవారం జుమా నమాజు ఉంటుంది, ఆదివారం అస్సీరియన్, కాల్దియన్ క్రైస్తవులు చర్చికి వెళతారు, ఇరాక్ ప్రాంతపు ప్రాచీన మతం వారైన మాండియన్లకూ ఆదివారమే పవిత్ర దినం కనుక శనివారం ఎంచుకున్నాము.

సిరియా, ఇరాక్ యుద్ధాల వల్ల నిరాశ్రయులైన వారి కోసం ఆస్ట్రేలియా ప్రభుత్వం 2015 సెప్టెంబరులో అదనంగా 12,000 మందికి అవకాశం ప్రకటించగా, అలా వచ్చినవారిలో చాలామంది ఫెయిర్‌ఫీల్డ్ పరిసరాలలోనే స్థిరపడ్డారు. శరణార్థి వీసాపై దిగినవారికి ఇల్లు, బ్యాంకు ఖాతా, మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా, పిల్లల బడి వంటివి చూసిపెట్టే ప్రభుత్వ పథకం 6 నుంచి 18 నెలల పాటు ఉంటుంది. ఆ తరువాతి సహాయం కూడా సాధారణంగా వచ్చిన 5 ఏళ్లలోపే. అప్పట్లో వచ్చిన కుటుంబాలకు ఆ గడువు ఎప్పుడో ముగిసింది. కొత్తగా వచ్చిన హడావిడి సద్దుమణిగి, పిల్లలు బడికి, పెద్దలు పనికి అలవాటుపడ్డాక, నిద్రపట్టకపోవడం, ఊరికే కోపం రావడం, నలుగురిలోకి రావాలనిపించకపోవడం వంటివి తలెత్తిన ఇళ్లు మన ఇరుగుపొరుగునే ఉన్నాయి. మన కార్యక్రమం ముఖ్యంగా వారి కోసమే.

హాలు, కుర్చీలు, టీ, భోజనం మనవి. సలహాలూ చికిత్సలూ మనవి కావు. హింసకూ యుద్ధ భయానికీ గురైనవారికి 1988 నుంచి ఈ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో సేవలందిస్తున్న స్టార్ట్స్ సంస్థ కార్యాలయం దగ్గరలోని కారమార్‌లోనే ఉన్నది; వారి సిబ్బందిని ఒక బల్ల దగ్గర కూర్చోమని అడుగుతున్నాము. వలస వచ్చినవారి కోసం ప్రభుత్వం నడిపే ఏఎమ్‌ఈపీ ఉచిత ఆంగ్ల తరగతుల వారినీ పిలుస్తున్నాము. ఆ తరగతులకున్న 510 గంటల పరిమితిని 2021లో ఎత్తివేశారన్న సంగతి, తల్లి చదువుకునే సమయంలో బడి వయసు రాని పిల్లలను ఉచితంగా చూసుకుంటారన్న సంగతి చాలామంది గృహిణులకు ఇప్పటికీ చేరలేదు.

స్వాగత బృందం సభ్యుడు:
నేను కువైట్‌లో పన్నెండేళ్లు పనిచేశాను, అరబిక్ మాట్లాడగలను. మన కడప, కోనసీమ, కరీంనగర్ వాళ్లలో గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవారు ఈ సంఘంలోనే మరో ఐదుగురున్నారు. దుభాషుల ఖర్చు మనకెందుకని మొదట నేనూ అనుకున్నాను. అయితే గత ఏడాది జరిగినది ఇక్కడ రాయడం అవసరం. ఒక ఇరాకీ ఆవిడ నర్సుతో మాట్లాడుతూ "నఫ్సియ్యతీ తాబానా" అన్నారు. నాకు తెలిసిన మాట "తాబాన్", అంటే అలసట, కనుక ఆవిడ అలసిపోయారట అని చెప్పాను. విశ్రాంతి తీసుకోమని నర్సు చెప్పి పంపించివేశారు. మనసు బాగాలేదనడానికి అరబిక్‌లో అలాగే అంటారని వారం తరువాత నాకు తెలిసింది. నాకు వచ్చిన అరబిక్ పని చెప్పించుకోవడానికీ సరుకులు కొనడానికీ పనికివచ్చినది మాత్రమే. గుమ్మం దగ్గర "అహ్లన్ వ సహ్లన్" అని పలకరించి కుర్చీ చూపించే పని నాకివ్వండి, అంతకు మించి వద్దు.

సమన్వయకర్త:
ఈ సంగతి దాచకుండా రాసినందుకు మీకు కృతజ్ఞతలు. ఈ నియమం అందరికీ వర్తిస్తుంది: ఆరోగ్యం, వీసా, కుటుంబ సమస్యలపై మాట సాగినప్పుడు కార్యకర్తలు అనువదించరాదు, పిల్లల చేత అసలే అనువదింపజేయరాదు. తండ్రి పడిన హింసను పన్నెండేళ్ల కొడుకు నోటితో చెప్పించడం మనం చేయదగిన పని కాదు. 1973లో మొదలైన ప్రభుత్వ టెలిఫోన్ దుభాషి సేవ, టిస్, 131 450 నంబరులో రాత్రింబవళ్లూ అందుబాటులో ఉంటుంది. ఎదురుగా కూర్చునే దుభాషి అదే ఊరివాడైతే మాట బయటికి పొక్కుతుందేమోనని కొందరు జంకుతారు కనుక, వారికి ఫోనులో పేరు చెప్పకుండా మాట్లాడడమే నయం. అయితే ముందు "మీకు ఏ భాషలో కావాలి?" అని అడగాలి. ఇరాక్ నుంచి వచ్చిన వారందరి ఇంటి భాషా అరబిక్ కాదు. అస్సీరియన్లు, కాల్దియన్లు ఇంట్లో తమ భాషలే మాట్లాడుకుంటారు. స్త్రీలకు మహిళా దుభాషి కావాలా అన్నదీ అప్పుడే అడగండి.

కరపత్రాల బాధ్యురాలు:
గతసారి తప్పు మాదే. అరబిక్ పాఠాన్ని డిజైన్‌లో అతికించినప్పుడు అక్షరాలు విడివిడిగా, వరుస తిరగబడి పడ్డాయి. మాకెవరికీ చదవడం రాదు కనుక అలాగే అచ్చుకు పంపాము. ఒక పెద్దాయన ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, దగ్గరగా పట్టుకుని చూసి, చివరికి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఈసారి అరబిక్ చదవగలిగినవారు ఇద్దరు అచ్చుకు ముందు చూడాలి. ఇంకొకటి, మనకు "వైద్య శిబిరం" అంటే మంచిమాటే కానీ, దానిని "ముఖయ్యమ్" అని అనువదిస్తే డేరాల్లో గడిపిన రోజులే గుర్తుకొస్తాయి. "కుటుంబాల కలయిక" అన్న అర్థం వచ్చే మాట పెడదాం.

వంట బృందం:
మాంసం హలాల్ దుకాణం నుంచే తెస్తాము. తూర్పు క్రైస్తవులు ఉపవాస దినాలలో మాంసమూ పాలపదార్థాలూ ముట్టరు కనుక, ఒక వరుస పూర్తిగా నూనె వంటలే ఉంటాయి: గారెలు, పులిహోర, కారం తగ్గించిన కందిపప్పు. వారి పప్పు సూప్ అలవాటున్నవారికి మన పప్పు కొత్తగా అనిపించదు. పులిహోరలో వేరుశెనగలున్నాయని అరబిక్‌లో చీటీ పెట్టండి. గోధుమలు, మాంసం కలిపి ఉడికించే హరీస్ వండుదామని ఒకరు అడిగారు. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ వారి వంటకం అది; అక్కడివారు మనలో ఒకరు ఉన్నారు కనుక వారికే అప్పగించాము.

సమన్వయకర్త:
మిగిలినవి చెబుతాను. వేదిక ఉండదు, శాలువాలు ఉండవు, జ్ఞాపికలు ఉండవు, ముఖ్య అతిథి ప్రసంగం ఉండదు. ఇవి లేని తెలుగు కార్యక్రమం ఒకటి జరిగితే ఎవరికీ నష్టం లేదు. ఫోటోలు పూర్తిగా నిషిద్ధం, ఎందుకంటే ఇక్కడ కనిపించిన ముఖం వల్ల అక్కడ మిగిలిపోయిన బంధువులకు ఆపద రావచ్చు. బెలూన్లు కట్టవద్దు, అవి పేలే చప్పుడు పిల్లలకు సరదా కావచ్చును కానీ అందరికీ కాదు. డప్పు కూడా వద్దు. పిల్లల మూలలో పనిచేసేవారికి బాలల రక్షణ తనిఖీ తప్పనిసరి, కార్యకర్తలకు అది ఉచితం. ఆ తనిఖీ నంబరు నాకు పంపనివారి పేరు ఆ జాబితాలో చేర్చను. "మీ ఇల్లు ఎలా పోయింది, ఎవరెవరు పోయారు" అని మనంతట మనం అడగకూడదు. ఎవరైనా చెబితే వినండి, ఆ మాటలను మన వాట్సాప్‌కు ఎక్కించకండి. ఎవరైనా ప్రాణం తీసుకునే మాట మాట్లాడితే ఒంటరిగా వదలకండి, వెంటనే బల్ల దగ్గరున్న సిబ్బందిని పిలవండి, ప్రమాదం కళ్లముందే ఉంటే 000కు ఫోన్ చేయండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ఫోను సేవ నంబరు 1800 011 511 ప్రతి కార్యకర్త బ్యాడ్జీ వెనుక అచ్చువేయించాలి.

కోశాధికారి:
హాలు అద్దె చెల్లించాను. శాలువాలకు పక్కన పెట్టిన సొమ్మును కరపత్రాల రెండో అచ్చుకు మారుస్తున్నాను. మాట బయటికి వినపడకుండా తలుపు వేసుకోగల చిన్న గది ఒకటి హాలు వెనుక ఉన్నది, కానీ దాని నిండా గత ఉగాది సామాను ఉంది. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు అది ఖాళీ చేయడానికి నలుగురు కావాలి. ఇంతవరకు ఇద్దరమే ఉన్నాము.