పెర్చ్‌ను పట్టే పద్ధతి మన చెరువు కొర్రమీనుకు పనిచేస్తుందా?

చెరువుకట్ట (తిరుపతి):

మిత్రులకు నమస్కారం. ఐరోపాలో పెర్చ్ అనే మంచినీటి చేపను గాలంతో పట్టే పద్ధతుల గురించి ఈ మధ్య శ్రద్ధగా చదువుతున్నాను. అక్కడివారు ఎక్కువగా వానపామును గానీ, నీటిలో గిరగిర తిరుగుతూ మెరిసే రేకు ఉన్న స్పిన్నర్‌ను గానీ ఎరగా వాడుతున్నారు. నేను రామచంద్రాపురం వైపు ఒక చెరువులో, దాన్ని పాటకు తీసుకున్నవారి అనుమతితో గాలం వేస్తుంటాను. వానపాముకు జెల్లలు, జిలేబీలు తప్ప మరేవీ పడడం లేదు. స్పిన్నర్ వేస్తే నాచు చుట్టుకొని వస్తోంది. నాకు కావలసినది కొర్రమీను. తామరాకుల సందుల్లో అది పైకి వచ్చి గాలి పీల్చుకొని మునిగిపోవడం రోజూ కంటికి కనిపిస్తూనే ఉంది. దీనికి ఏ ఎర వాడాలి, ఏ వేళలో వెయ్యాలి, దయచేసి చెప్పగలరు.

స్వర్ణముఖి ఒడ్డు (చంద్రగిరి, ప్రస్తుతం స్వీడన్):

నేను ఇక్కడ పెర్చ్‌నే పడుతుంటాను కాబట్టి ఆ సంగతి వరకు చెబుతాను. ఒంటిపై నిలువు చారలు, ఎర్రటి అడుగు రెక్కలు, వీపు మీద ముళ్ల రెక్క ఉండే ఈ చేప ఇంచుమించు ఒకే పరిమాణం గలవాటితో గుంపు కట్టి, పగటి వెలుతురులో కంటిచూపుతో వేటాడుతుంది. అందుకే మెరిసే స్పిన్నర్‌ను అక్కడొకసారి ఇక్కడొకసారి విసురుతూ ముందుగా గుంపును వెతుకుతాం; ఒకటి పడితే అదే చోట మళ్లీ వేస్తాం. చలికాలంలో గుంపులు లోతుకు దిగుతాయి కనుక అప్పుడు సీసం కట్టిన వానపామును అడుగుదాకా దించి, మెల్లగా ఎత్తి దించుతూ ఉంటాం. కొర్రమీను గుంపుగా తిరిగే చేప కాదు, దాని కాపురమంతా నాచులోనే. కాబట్టి ఈ వెతుకులాట అక్కడ అంతగా పనికిరాదని నా అభిప్రాయం.

ఆరణియార్ (పిచ్చాటూరు):

పై మిత్రులు చెప్పినది సరైనదే. కొర్రమీను ఒక చోట కదలకుండా మాటు వేసి, దగ్గరికి వచ్చిన కప్పనో పరిగెనో ఒక్క ఊపులో అందుకునే చేప. పైగా దానికి మొప్పలతో పీల్చుకునే గాలి చాలదు, నీటి పైకి వచ్చి గుటక వేయక తప్పదు. ఎండ ముదిరి నీరు వేడెక్కినకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కనుక అది మరింత తరచుగా పైకి వస్తుంది. మీ కంటపడుతున్నది అదే. గాలి పీల్చిన చోట ఒక చిన్న సుడి లేచి, వెనకనే నాలుగైదు బుడగలు వస్తాయి. ఆ చోటును గుర్తుపెట్టుకోండి కానీ ఎరను సరిగ్గా దాని నెత్తిన వేయకండి, బెదిరి లోపలికి పోతుంది. రెండు మూడు బారలు అవతలికి విసిరి, ఆ దారిన వచ్చేలా లాగాలి.

ఇందుకు లోపల బోలుగా ఉండే రబ్బరు కప్పను మించిన ఎర నాకు తెలియదు. దాని గాలపు కొనలు రెండూ పైకి తిరిగి కప్ప వీపుకు ఆనుకొని ఉంటాయి కనుక తామరాకు మీద పాకినా, గుర్రపుడెక్క మీద జారినా నాచు తగులుకోదు. చేప నోట నొక్కితే మాత్రం రబ్బరు అణిగి కొనలు బయటపడతాయి. ఆకు మీదికి లాగి, అంచున ఒక్క క్షణం ఆపి, తరువాత నీటిలోకి జారవిడవండి; ఎక్కువసార్లు అక్కడే అందుకుంటుంది. టప్పుమన్న చప్పుడు వినగానే కర్ర ఎత్తితే కప్ప ఒట్టిగా వచ్చేస్తుంది. దారం బిగిసి బరువు తెలిసిన తరువాతే గట్టిగా లాగాలి. నైలాన్ దారం సాగుతుంది, ఆ గట్టి దవడలో కొన దిగదు. అల్లిక దారమే కట్టండి. తగిలిన వెంటనే కర్ర ఎత్తి పట్టి ఆపకుండా లాక్కోవాలి, సందు ఇచ్చారంటే తామర కాడలకు చుట్టేస్తుంది.

వేళ విషయానికి వస్తే, పొద్దు పొడిచే సమయం, పొద్దు వాలే సమయం మంచివి. కార్తీకంలో వానలకు చెరువు నిండి మొరవ పోతున్నప్పుడు చేప నలుదిక్కులకూ చెదిరిపోతుంది. వేసవిలో నీరు తూము దగ్గరికి కుంచించుకుపోయినప్పుడు వెతికే పని తగ్గుతుంది.

నీవా నది (చిత్తూరు):

ఒక మనవి. బతికిన కప్పను గుచ్చవద్దు. పెద్ద పసుపు కప్పకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పొలాల్లో కప్పలు తరిగిపోతున్నాయనే 1987లో కప్పకాళ్ల ఎగుమతిని సైతం దేశం ఆపేసింది. ఎర కోసం ఒక చెరువు జిలేబీ పిల్లలను మరొక చెరువుకు తీసుకుపోవద్దు, అవి అక్కడ పెరిగిపోతే మిగతా చేపలకు తిండి కరువవుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు కదులుతూ కనబడితే ఆ చోట గాలం వేయకండి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, పిల్లల దగ్గరికి వచ్చిన దేని మీదికైనా ఉరుకుతాయి కనుక సులభంగానే చిక్కుతాయి. వాటిని పట్టామంటే ఆ పిల్లలను జెల్లలు మిగల్చవు.

చెరువుకట్ట (తిరుపతి):

అందరికీ ధన్యవాదాలు. మా చెరువులో పిల్లల గుంపు ఒకటి తూముకు ఎడమవైపు ఉంది, ఆ వైపు వెళ్లను. కప్ప ఎర ఎంత పెద్దది తీసుకోవాలి?

ఆరణియార్ (పిచ్చాటూరు):

బొటనవేలంత చాలు. మరీ పెద్దదైతే కిలో లోపు చేప నోట పూర్తిగా పట్టదు. నీరు మురికిగా ఉంటే నల్లది తీసుకోండి, కింద నుంచి చూసే చేపకు ఆకాశం వెలుగులో దాని ఆకారం స్పష్టంగా తెలుస్తుంది.