అప్‌డేట్: కరాటేతో పాటు చీగాంగ్, రెండు నెలల తర్వాత

కరాటే స్పారింగ్‌లో (జోడీతో చేసే సాధన పోరులో) రెండో నిమిషానికే ఆయాసం, భుజాలు బిగుసుకుపోవడం, దీనికి చీగాంగ్ (ఊపిరి, నెమ్మది కదలికలతో చేసే చైనా సాధన) పనికొస్తుందా, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చాలామంది బాదువాన్‌జిన్ అనే చీగాంగ్ వరస చేయమన్నారు. ఎనిమిది కదలికలే, వారంలో వచ్చేశాయి.

అసలు పరీక్ష జాన్ జువాంగ్. మోకాళ్లు కాస్త వంచి, చెట్టును కావలించుకున్నట్టు చేతులు పెట్టి, కదలకుండా నిలబడాలి. యీచువాన్ అనే చైనా యుద్ధవిద్యను రూపొందించిన వాంగ్ షియాంగ్‌జాయ్ సాధనకంతటికీ దీన్నే పునాదిగా పెట్టాడు. నాకు మొదటిరోజు మూడు నిమిషాలకే తొడలు వణికాయి. అమ్మ చూసి, "ఈ వయసులో గోడకుర్చీ ఎవరు వేయించార్రా?" అంది.

నా తప్పు ఒకటి చెప్పాలి. ఊపిరిని బలవంతంగా పొట్టలోకి తోసేవాణ్ని. నాలుగు రోజులు తల తిరిగింది. దాని మానాన దాన్ని వదిలేశాక సర్దుకుంది.

ఇప్పుడు పది నిమిషాలు నిలబడుతున్నాను. భుజాలు చెవుల దాకా లేస్తుంటే స్పారింగ్ మధ్యలోనే తెలుస్తోంది, దించుకుంటున్నాను. ఆయాసం కూడా తగ్గింది గానీ, పొద్దున్నే పరుగు కూడా మొదలుపెట్టాను, కాబట్టి ఆ మార్కులు చీగాంగ్‌కి వేయను. పంచ్‌లో బలం ఏమీ పెరగలేదు. 'చీ' (ఒంట్లో పారుతుందని చీగాంగ్‌లో చెప్పే శక్తి) సంగతా? అరచేతులు వెచ్చబడటం తప్ప నాకింకేమీ తెలియలేదు.