రైతుల వాట్సాప్ గ్రూపులో నన్ను మోసగాడన్నాడు, స్టేషన్‌లో కేసు తీసుకోవడం లేదు. ఏం చెయ్యాలి?

బోగోలు మేత అంగడి:
అన్నలారా, మాది బోగోలు మండలం. రొయ్యల మేత, మందుల అంగడి నడుపుతుండా. ఈ మధ్య ఒకాయన మా గ్రూపులో వాయిస్ పెట్టాడు. "వీడు డేటు అయిపోయిన సంచులకు కొత్త స్టిక్కర్లు అంటించి అమ్ముతుండాడు, నా గుంట వీడి వల్లే పోయింది" అని. ఆయన గుంటకు వచ్చింది వైట్ స్పాట్, రొయ్యలకొచ్చే వైరస్ తెగులు. పక్క గుంటలకూ అదే వచ్చింది, వాళ్ళు నా దగ్గర మేత కొననే లేదు. ఇప్పుడు బాకీ అడగబోతే ప్రతి ఒక్కరూ ఆ వాయిస్ వినిపిస్తుండారు. స్టేషన్‌కు పోతే "ఇది మాది కాదు, కోర్టుకు పో" అన్నారు. నిజమేనా, తప్పించుకుంటుండారా?

ఒంగోలు నుంచి:
ఐటీ చట్టం 66ఏ కింద పెట్టమను తమ్ముడూ. దెబ్బకు దిగొస్తాడు.

కావలి లాయరు:
ఆన్‌లైన్‌లో అవమానకరమైన మెసేజీలు పెడితే శిక్షించే ఆ 66ఏ ఇప్పుడు లేదండీ, 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. పోలీసులు చెప్పింది నిజమే. పరువు నష్టం నేరమే, కానీ మేజిస్ట్రేట్ ఆర్డరు లేకుండా పోలీసులు దర్యాప్తు చేసే రకం కాదు. పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. శిక్ష రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ చేయించడం కొత్తగా చేర్చారు. బెయిలు వచ్చే కేసు. కాబట్టి రేపే ఆయన్ని లోపలేస్తారని ఆశ పెట్టుకోవద్దు.

మీరే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వెయ్యాలి. ముందు మీ వాంగ్మూలం, సాక్షుల వాంగ్మూలం తీసుకుంటారు. కొత్త చట్టం ప్రకారం కేసు తీసుకోకముందే అవతలాయన మాట కూడా వినాలి, అందుకని కాస్త సాగుతుంది. నేరం కేసుకు గడువు మూడేళ్ళు. డబ్బు నష్టం రాబట్టాలంటే సివిల్ దావా వేరే, దానికి ఏడాదే గడువు. ఇది చాలామంది దాటేసుకుంటుంటారు.

బోగోలు మేత అంగడి:
సారూ, ఆ వాయిస్ డిలీట్ చేశాడే!

కావలి లాయరు:
విన్నవాళ్ళ ఫోన్లలో ఫార్వర్డ్ అయిన కాపీ ఉంటుంది. ఆ ఫోను పదిలంగా పెట్టించండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోకండి. ఫోన్లో రికార్డు లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. బాకీ ఎగ్గొడుతూ వాయిస్ వినిపించినాయన సాక్షిగా వస్తే అంతకంటే బలం లేదు. రాడనుకోండి, అది వేరే సంగతి.

అసలు ప్రశ్న నేనడుగుతా, ఇక్కడ జవాబు చెప్పొద్దు. మీ స్టాకు రిజిస్టరు, కంపెనీ బిల్లులు, బ్యాచ్ నంబర్లు సరిగ్గా ఉన్నాయా? చెప్పింది నిజమై, నలుగురి మేలు కోసం చెప్పిందని ఆయన రుజువు చేసుకుంటే అది నేరం కాదు. ఒక్క సంచి మీద స్టిక్కరు తేడా బయటపడినా కేసు మీ మీదికే తిరుగుతుంది.

ఒంగోలు నుంచి:
అడ్మిన్ మీద కూడా వెయ్యొచ్చా?

కావలి లాయరు:
అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. తనే ఆ వాయిస్ ఇంకో గ్రూపుకు పంపితే మాత్రం తప్పించుకోలేడు.

బోగోలు మేత అంగడి:
ఆయన ఫిషరీస్ ఆఫీసులో నా మీద అర్జీ కూడా పెట్టాడు సార్. అదీ కలపమంటారా?

కావలి లాయరు:
వద్దు. అధికారం ఉన్న ఆఫీసుకు సదుద్దేశంతో ఇచ్చిన ఫిర్యాదుకు చట్టంలో రక్షణ ఉంది. అది కలిపితే "వేధించడానికి వేశాడు" అంటారు. గ్రూపులో వాయిస్ వరకే పట్టుకోండి. ముందు ఒక లాయరు నోటీసు పంపండి. తప్పనిసరేం కాదు గానీ, అదే గ్రూపులో క్షమాపణ వాయిస్ పెడితే మీకు కావాల్సింది అక్కడే దొరుకుతుంది. కేసు వేశాక కూడా మీరు రాజీ పడొచ్చు.

బోగోలు మేత అంగడి:
సరే సారూ, బిల్లులన్నీ తీసుకొని కావలికి వస్తా. గ్రూపులో నేనింకా ఏమీ అనలా.

కావలి లాయరు:
అనొద్దు. నోటీసు పోయేదాకా "స్టాకు వివరాలు అంగడికొచ్చి చూసుకోవచ్చు" అని ఒక్క మెసేజీ పెట్టండి, చాలు.